శేషయ్యగారి చీపురుపుల్ల

సోమవారంనాడు నేనేం ఘనకార్యం చేశానో తెలుసా? ముప్పై ఏళ్ళ ప్లీడరీని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టించాను! అప్పుడే నవ్వితే ఎట్టా? ముందు టీ తాగండి, మొత్తం విన్నాక నవ్వుదురుగాని. నాకైతే ఇంకా ఒళ్ళు మండిపోతానే ఉంది. ఎవరి మీదంటారా? అదేగా నా బాధ! చివరికి చూసుకుంటే తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మీకు తెలుసుగా, నర్సరావుపేట బార్ అసోసియేషన్ లైబ్రరీలో నేను చేరి నాలుగు నెలలయింది. అంతకుముందు అక్కడ లైబ్రేరియనంటూ ఎవరూ లేరు. కోర్టు గోడవారన టీ బంకు పెట్టుకున్న కోటమ్మత్త దగ్గర తాళంచెవి ఉండేది. ప్లీడరు గారికి పుస్తకం కావాలంటే ఆవిడ దగ్గర తాళంచెవి తీసుకోవడం, ఒక టీ తాగడం, లోపలికెళ్ళి కావాల్సింది చంకన పెట్టుకుని పోవడం. తెచ్చిచ్చేవాళ్ళు తెచ్చిచ్చారు, లేనోళ్ళు లేదు. అదీ వాళ్ళ సిస్టం!

నేనేమో గుంటూరులో లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ కోర్సు చేసొచ్చినదాన్ని. అరలో పుస్తకం వంకరగా ఉంటే నాకు అన్నం సయించదు. చేరిన రోజే ఇష్యూ రిజిస్టర్ గీసి టేబుల్ మీద పెట్టా. తేదీ, పుస్తకం, తీసుకున్నవారి సంతకం, వాపసు, రిమార్కులు. అయిదు గళ్ళు, ఎర్ర ఇంకుతో. "సార్, సంతకం పెట్టి తీసుకెళ్ళండి" అంటే ఒక్కొక్కళ్ళు నన్ను చూసే చూపు చూడాలి! "ఏందమ్మాయ్, మేం దొంగలమా?" అంటాడు ఒకాయన. "పక్కన సాక్షి సంతకం కూడా కావాలా?" అంటాడు ఇంకొకాయన. వెనకాల జూనియర్లు కిసకిసా నవ్వులు. పొద్దస్తమానం జనం చేత సంతకాలు పెట్టించే మనుషులకి, తాము ఒక్క సంతకం పెట్టాలంటే అంత నామోషీ! ఆ రిజిస్టర్ వల్ల జరిగిన మేలు ఒక్కటే. కోటమ్మత్త రోజూ నా టీ గ్లాసు తెచ్చి దాని మీద పెట్టేది, టేబుల్‌కి మరక పడకుండా.

ఇంక కార్డుల బీరువా సంగతి చెప్పాలి. మా ప్రెసిడెంట్ గారు ఏదో పని మీద హైదరాబాదు వెళ్ళొచ్చి, "అక్కడ కంప్యూటర్ అంట, మీట నొక్కితే రూలింగు బయటికొచ్చిద్దంట" అని మీటింగులో ఒకటే ఊదరగొట్టాడు. నేనన్నా ఊరుకోవచ్చుగా? ఊరుకోను. "అదెందుకు సార్, కార్డు ఇండెక్స్ ఉంటే చాలు. సొరుగు లాగితే రూలింగు బయటికొచ్చిద్ది" అన్నా. అంతే! ఇరవై నాలుగు సొరుగుల బీరువా చేయించి నా నెత్తిన పెట్టారు. ఒక్కొక్క రూలింగుకి, అంటే పై కోర్టోళ్ళు ఎప్పుడో ఇచ్చిన తీర్పుకి, ఒక్కొక్క కార్డు, దేని గురించి, ఏ సంవత్సరం పుస్తకం, ఎన్నో పేజీ, అన్నీ నేను చేత్తో రాయాలి. రాస్తన్నా, రాస్తన్నా, నాలుగు సొరుగులు నిండేసరికి వేలు బొబ్బ లేచింది. మిగతా జాగా ఖాళీగానే ఉంది కదా అని ఒకాయన తమలపాకులు పెట్టుకున్నాడు. ఒకాయన పొడుం డబ్బా. ఇంకొకాయన ఇంటి దగ్గర్నించి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా! 'కాంట్రాక్టు' అని నేను ముద్దుగా చీటీ అంటించుకున్న సొరుగు లాగితే వెల్లుల్లి వాసన గుప్పుమంటది.

అయినా సరే, ఓర్చుకున్నా. నేను ఓర్చుకోలేకపోయింది ఒక్కటే, వాళ్ళ గుర్తులు.

వాదనలో చూపించాల్సిన రూలింగు ఏ పేజీలో ఉంటే ఆ పేజీలో ఏదో ఒకటి దూర్చి పెట్టుకుంటారు. ఒక్కొక్క ప్లీడరు గారికి ఒక్కొక్క గుర్తు. ఒకరిది సిగరెట్ పెట్టెలో వెండి కాయితం, ఒకరిది బస్సు టిక్కెట్టు, ఒకరిది సినిమా టిక్కెట్టు ముక్క, ఒకరిది ఎండిపోయిన తమలపాకు. పోనీ ఒక చీటీ మీద నంబరు రాసి పెట్టొచ్చుగా? అబ్బే! ఏ పుస్తకం చూసినా ఏదో ఒకటి నన్ను చూసి నాలిక బయటపెట్టినట్టు వేలాడతా ఉండేది.

అందరిలోకీ శేషయ్యగారిది మరీ దారుణం. మా బార్లో అందరికన్నా పెద్దాయన. ఆయన గుర్తు చీపురుపుల్ల! నిజం, కొబ్బరి చీపురుపుల్ల. సుప్రీం కోర్టు రూలింగయితే జానెడు పుల్ల, హైకోర్టుదయితే బెత్తెడు పుల్ల. "సార్, పేజీలు చిరిగిపోతయ్ సార్, సంవత్సరమూ పేజీ నంబరూ రాసుకోండి సార్" అని నెత్తీ నోరూ కొట్టుకున్నా.

"నంబర్లు నాకు గుర్తుండవమ్మాయ్" అనేవాడు పొడుం పీలుస్తా. "పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో నా కాళ్ళకి తెలుసు. పోతా, పుల్ల పట్టుకుని తెరుస్తా, అదే పేజీ. ముప్పై ఏళ్ళుగా ఒక్కసారి తప్పలేదు."

ఇట్టా ఉండగా కోటమ్మత్త కేసు వచ్చిపడింది. ఆవిడ బంకు ఉన్న జాగా ఎలమందయ్య అనే నాపరాళ్ళ వ్యాపారిది. వాళ్ళ నాయన ఎప్పుడో "పెట్టుకో కోటమ్మా" అని నోటిమాటగా ఇచ్చాడంట. కాయితం లేదు, గీయితం లేదు. పద్దెనిమిదేళ్ళు గడిచినయ్. మొగుడు పోయినా ఇద్దరు ఆడపిల్లల్ని ఆ బంకు మీదే పెంచి పెద్దచేసింది. ఆ నాయన కాలం చేశాక ఎలమందయ్యకి ఆ జాగాలో రాళ్ళు దించుకోవాలని పుట్టింది. ఒక రోజు మనుషుల్ని తీసుకొచ్చి బంకుకి తాళ్ళు కట్టబోయాడు. శేషయ్యగారు అప్పటికప్పుడు కేసు వేసి స్టే తెచ్చాడు. ఫీజు సంగతి ఎత్తితే, "నీ టీ తాగేగదే ఇన్నాళ్ళూ వాదించింది" అన్నాడంట.

పోయిన వాయిదాలో ఎలమందయ్య తరఫు ప్లీడరు లేచి, "ఆమె దగ్గర ఒక్క కాయితమన్నా ఉందా? స్టే తీసెయ్యండి" అని పట్టుబట్టాడు. శేషయ్యగారు లేచాడు. "కాయితం లేకపోయినా, అన్నేళ్ళుగా ఉంటన్న మనిషిని బలవంతంగా లేపకూడదండి. కోర్టుకొచ్చి తేల్చుకోవాల్సిందే. రూలింగు ఉంది" అన్నాడు. ఏది చూపించండి అన్నారు జడ్జి గారు. ఈయన తడుముకోకుండా, "మా లైబ్రరీలో కిటికీ పక్క బీరువా, మూడో అర, ఈ చివర్నించి నాలుగో పుస్తకమండి. నా పుల్ల ఉంటది" అన్నాడంట, నిండు కోర్టులో! అంతా గొల్లుమన్నారంట. జడ్జి గారు కూడా నవ్వేసి, "సరే, సోమవారం చూపించండి. చూపించకపోతే స్టే తీసేస్తాను" అని వాయిదా వేశారు.

ఇంక శుక్రవారం. సాయంత్రం నేను బీరువాలకి తాళాలు వేసుకుంటంటే కోర్టు అటెండర్ మస్తాన్ వచ్చాడు. తనే లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చుకున్నాడు. నేను నోరు తెరవకముందే టీ గ్లాసు పక్కకి జరిపి, జేబులోంచి పెన్ను తీసి, రిజిస్టర్లో సంతకం పెట్టాడు! మిగతా గళ్ళు నింపుతంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగినయ్. నాలుగు నెలల్లో అడక్కుండా సంతకం పెట్టిన మొట్టమొదటి మనిషి! ఆ ఊపులో అనుకున్నా, రేపు రెండో శనివారం, కోర్టు సెలవు, ఈ లైబ్రరీని ఒక దారికి తేకపోతే నా పేరు సువార్త కాదని.

తెచ్చా. కొంగు నడుముకి బిగించి పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టా. పుస్తకాలన్నీ దించి, దులిపి, తడిగుడ్డతో అరలు తుడిచి, సంవత్సరాల వరసలో సర్దా. మధ్యలో కొన్ని పుస్తకాలు లేవు. ఎవరింట్లో ఉన్నయ్యో దేవుడికే తెలియాలి. వచ్చినప్పుడు పెట్టుకోవచ్చులే అని వాటికి ఖాళీ వదిలా. ఒక్కొక్క పుస్తకం పట్టుకుని విదిలిస్తంటే రాలినయ్ చూడండీ, టిక్కెట్లు, వెండి కాయితాలు, ఆకులు, పెళ్ళిపత్రికలు. ఒకదాంట్లోంచి ఒకమ్మాయి ఫోటో కూడా పడింది. అది ఎవరి కేసు పుస్తకమో నాకు తెలుసుగాని చెప్పను. చీపురుపుల్లలైతే పిడికిట్లో పట్టలేదు. మొత్తం కలిపి గంపెడు చెత్త!

సాయంత్రం కోటమ్మత్త గుమ్మంలో నిలబడి చూసి, "అబ్బ, పెళ్ళివారిల్లు లాగుందే అమ్మాయ్!" అంది.

పొంగిపోయా. ఆ మాట అన్నది ఆవిడొక్కతే మరి. "అత్తా, ఈ గంప తీసుకుపో. పొయ్యి ముట్టించుకోవడానికి పనికొస్తయ్" అన్నా. ఫోటో ఒక్కటి తీసి సొరుగులో దాచి మిగతాదంతా ఇచ్చేశా.

"పుల్లలు బాగా ఎండినయ్యే!" అని మురుసుకుంటా తీసుకెళ్ళింది.

ఆదివారం చర్చిలో కూర్చున్నా నాకు ఆ బీరువాలే కళ్ళముందు. పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. గర్వం గురించంట, ఇంటికొచ్చాక మా అమ్మ చెప్పింది.

సోమవారం పది కొట్టేసరికి మొదలయింది తిరణాల. ముందొచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇది మన లైబ్రరీయేనా?" అన్నాడు. మనదే సార్ అన్నా, నవ్వు ఆపుకోలేక. నన్ను మెచ్చుకుంటాడనుకున్నా, చూడండి నా పిచ్చి! ఆయన గబగబా బీరువా దగ్గరికి పోయి నాలుగు పుస్తకాలు లాగి, "నా వెండి కాయితం ఏది?" అన్నాడు.

"తీసేశా సార్. మీకు ఏ రూలింగు కావాలో చెప్పండి, నేను వెతికిస్తా."

"వెండి కాయితం ఉన్న రూలింగు కావాలి!"

"దేని గురించి సార్ అది?"

"అది గుర్తుంటే వెండి కాయితం ఎందుకు పెట్టుకుంటానమ్మాయ్?"

ఈలోపు తమలపాకాయన వచ్చాడు. సినిమా టిక్కెట్టాయన వచ్చాడు. బస్సు టిక్కెట్టాయన "మాచర్ల టిక్కెట్టు, మాచర్ల టిక్కెట్టు" అని కలవరిస్తా బీరువాలన్నీ తిరుగుతున్నాడు. పది మంది నల్లకోట్లు, ఒకటే అరుపులు. ఒకాయన మాత్రం నోరెత్తకుండా, పాలిపోయిన మొహంతో పుస్తకాలు తిప్పి తిప్పి చూస్తన్నాడు. ఆయన చేతిలో ఫోటో పెట్టా. గబుక్కున జేబులో వేసుకుని, వచ్చిన పని కూడా చూసుకోకుండా పోయాడు. ఆ రోజు మొత్తం మీద నాకు అడ్డం పడనిది ఆయనొక్కడే.

శేషయ్యగారొచ్చాడు. ఎవరి వంకా చూడలా. తిన్నగా కిటికీ పక్క బీరువా దగ్గరికి పోయి, మూడో అరలో, నాలుగో పుస్తకం మీద చెయ్యి వేశాడు. కళ్ళు మూసుకుని వేసినట్టే వేశాడు. తెరిచాడు. అది బ్రిటిషోళ్ళ కాలం నాటి పుస్తకం. మూసి పెట్టి పక్కది తీశాడు. దాని పక్కది తీశాడు. నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నా పుల్లలు?"

మిగతావాళ్ళు అరిచారు, ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "దులిపాను సార్" అన్నా.

"దులిపితే దులిపావు. యాడ పెట్టావు?"

సరిగ్గా అప్పుడే కోటమ్మత్త టీ గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చింది. "టీ అయ్యా! అమ్మాయ్, ఇయ్యాల పొయ్యి ఎంత బాగా మండిందనుకున్నావ్! నువ్విచ్చిన పుల్లలు ఇట్టా అంటించగానే అట్టా అంటుకున్నయ్!"

శేషయ్యగారు చేతిలో టీ గ్లాసు వంక కాసేపు చూశాడు. తర్వాత తాగాడు. "బాగుందే" అన్నాడు.

పాపం ఆవిడకేం తెలుసు! "ఇయ్యాల మన కేసు నిలబడిద్ది కదయ్యా? ఎలమందయ్య లారీ తెచ్చి గేటు కాడ పెట్టుకున్నాడు. తాళ్ళు కూడా తెచ్చాడు" అంది. ఆవిడ బంకుని ఆవిడ పొయ్యిలోనే కాల్పించింది నేను!

మా కేసు లిస్టులో పన్నెండోది. అప్పటికి పదింపావు. కార్డుల బీరువా మీద పడ్డా. 'స్వాధీనం' సొరుగు లాగా. కార్డులు ఉన్నయ్, ఎందుకు లేవూ! పుస్తకాలు మొదట్నించి రాసుకుంటా వస్తన్నానుగా, స్వరాజ్యం వచ్చిన ఏడు దాకా వచ్చా. ఆ తర్వాత ఏముంది? పొడుం డబ్బా ఉంది.

"సార్, ఆ రూలింగు ఏ సంవత్సరందో కాస్త గుర్తు తెచ్చుకోండి సార్" అని శేషయ్యగారిని బతిమాలా.

"మా రెండో అమ్మాయి పెళ్ళప్పటిదమ్మా. మేళం వాళ్ళు వచ్చే లోపల చదివి పుల్ల పెట్టా."

"ఆ పెళ్ళి ఏ సంవత్సరం సార్?"

"అదే గుర్తు రావట్లా. మా ఆవిడకైతే తెలుసు. ఆవిడ కోటప్పకొండ పోయింది."

ఇంక ఒకటే దారి. గుంటూరులో నాతో కలిసి చదివిన విమల అక్కడ ఒక పెద్ద లైబ్రరీలో పని చేస్తది. వాళ్ళకి అచ్చు వేసిన డైజెస్టులు ఉంటయ్, ఏ రూలింగు యాడుందో వాటిల్లో దొరికిద్ది. ట్రంక్ కాల్ చేద్దామంటే బార్ ఫోనుకి తాళం! తాళంచెవి ప్రెసిడెంట్ గారి దగ్గర, ప్రెసిడెంట్ గారు సబ్ కోర్టులో. ఆయన్ని పట్టుకొచ్చి తాళం తీయించి, అందరికన్నా ముందు కలిపే లైట్నింగ్ కాల్ బుక్ చేశాం. పేరే లైట్నింగ్. మెరుపు మెరవడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోపు మస్తాన్ వరండాలో మూడేసిసార్లు కేకేసిన పేర్లు లెక్కపెట్టుకుంటా కూర్చున్నాం. ఆరో కేసు, ఏడో కేసు, ఎనిమిదో కేసు.

"హలో! విమలా! నేనే, సువార్తని! స్వాధీనం గురించి కావాలే! కాయితం లేదు! పద్దెనిమిదేళ్ళు! టీ బంకు!"

అవతల నుంచి గుయ్యిమని మోత. నేను అరిచిన అరుపులకి ఫోనెందుకు, గుంటూరు దాకా మామూలుగానే వినపడుండాలి. ఆ పిల్ల అర్థం చేసుకుని పుస్తకం తేవడానికి పోయిందో లేదో ఎక్స్‌చేంజి ఆపరేటర్ లైన్లోకి వచ్చి, "మూడు నిమిషాలయిందండీ" అంది.

ప్రెసిడెంట్ గారు నా చేతిలోంచి ఫోను లాక్కుని, "అమ్మా, కట్ చెయ్యొద్దు తల్లీ! ఇది కోటమ్మ బంకు కేసు!" అన్నాడు.

"కోర్టు దగ్గర కోటమ్మ బంకా? అయ్యో, మా ఆయన రోజూ అక్కడే టీ తాగుతాడండీ! మాట్లాడుకోండి, మాట్లాడుకోండి" అందా మహాతల్లి. విమల వచ్చేదాకా లైను అట్టాగే పట్టుకుంది.

దొరికింది! సంవత్సరం, పుస్తకం, పేజీ, అన్నీ విమల చదివి చెప్పింది. అరచేతి మీద రాసుకున్నా. అప్పటికి పదకొండో కేసు పిలిచారు. పరిగెత్తా. చూడండి, ఇక్కడ నా గొప్పతనం ఒప్పుకోవాలి మీరు, ఆ సంవత్సరం ఉన్న అర దగ్గరికి పోవడానికి నాకు రెండు క్షణాలు పట్టలేదు. పాత లైబ్రరీ అయితే సాయంత్రం దాకా వెతకాలి. వరసలో వేలు పెట్టుకుంటా పోయా. దాని ముందుది ఉంది. దాని తర్వాతది ఉంది. ఆ రెంటికీ మధ్యన ఖాళీ!

అప్పుడు లేచింది నాకు. నాలుగు నెలల నుంచి లోపల కుక్కుకున్నదంతా బయటపడింది. టేబుల్ దగ్గరికొచ్చి ఆ రిజిస్టర్ మీద చేత్తో బాదుతా అరిచా.

"ఎవరు తీశారు? చెప్పండి, ఎవరు తీశారు? సంతకం పెట్టమంటే నామోషీ! దొంగలమా అని ఎకసెక్కాలు! నేనేం గొంతెమ్మ కోర్కెలు కోరానా? పుస్తకం తీసుకుంటే ఇదిగో, ఈ రిజిస్టర్లో, ఈ గడిలో, ఒక్క సంతకం! అది ఉంటే ఇప్పుడు చూసుకుని తెచ్చుకునేవాళ్ళం కదా! ఆవిడ బంకు పోయిద్ది ఇయ్యాల, మీ నామోషీ వల్ల!"

నేను బాదిన బాదుడికి రిజిస్టర్ మీద టీ గ్లాసు ఎగిరెగిరి పడతంది. నల్లకోట్లందరూ నేల చూపులు. ప్రెసిడెంట్ గారంతటి మనిషి, "నా దగ్గరైతే లేదు తల్లీ, ఒట్టు" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మాచర్ల టిక్కెట్టాయన స్కూటరేసుకుని ఇంటికి పోయి, ఆయాసపడతా మూడు పుస్తకాలు తెచ్చాడు. మూడూ మా లైబ్రరీవే, మూడూ వేరేవి.

"కోటమ్మా! కోటమ్మా! కోటమ్మా!" అని వరండాలో మస్తాన్ పిలుపు.

శేషయ్యగారు గౌను సర్దుకుని వట్టి చేతుల్తో లేచాడు. ఆ వట్టి చేతులు చూస్తంటే నాకు ఏడుపాగలేదు. నేనూ వెనకాలే పోయి కోర్టు హాల్లో గోడ పక్కన కోటమ్మత్త దగ్గర నిలబడ్డా. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, తప్పంతా నాదే. నువ్వు కాల్చిన పుల్లల్లోనే ఉంది మన రూలింగు" అని చెవిలో చెప్పేశా. ఆవిడ నా మొహం వంక చూసింది. "పిచ్చిదానా, శుభ్రం చేస్తే తప్పేందే?" అంది. అంతకన్నా రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది.

ఎలమందయ్య తరఫు ప్లీడరు లేచి, "రూలింగు తెచ్చారా అండీ?" అన్నాడు, నవ్వుతా.

శేషయ్యగారు ఒక్కసారి వెనక్కి తిరిగి నా వంక చూశాడు. నా పేరు చెప్పొచ్చు. చెప్పలేదు. "రూలింగు ఉందండి. కాకపోతే మా లైబ్రరీ శుభ్రం చేశారండి..." అని ఆగిపోయాడు.

జడ్జి గారు తలెత్తలేదు. ముందున్న కాయితాల కిందినుంచి ఒక లావుపాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అందులోంచి జానెడు చీపురుపుల్ల నిటారుగా నిలబడి ఉంది!

"కిటికీ పక్క బీరువా, మూడో అర, నాలుగో పుస్తకం" అన్నారు. "మీరు చెప్పిన చోటే ఉందంట శేషయ్యగారూ. శుక్రవారమే తెప్పించుకున్నాను. పుల్ల ఉన్న పేజీయే చదివాను. మీరు చెప్పింది కరెక్టే. కేసు తేలేదాకా ఆమె జోలికి ఎవరూ పోవడానికి వీల్లేదు. స్టే ఉంటుంది."

కోటమ్మత్త నా చెయ్యి వదిలేసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నేను 'దేవా, నీకు స్తోత్రం' అనుకున్నా. అక్కడితో అయిపోతే ఎంత బాగుండు! జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటా ఇంకో ముక్క అన్నారు.

"మీ కొత్త లైబ్రేరియన్ చాలా పద్ధతైన మనిషంట కదా? రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టించుకునే పుస్తకం ఇచ్చారని మా మస్తాన్ చెప్పాడు. సంతోషం."

కోర్టు హాల్లో ఉన్న నల్లకోట్లన్నీ ఒకేసారి నా వైపు తిరిగినయ్. వెండి కాయితం, తమలపాకు, సినిమా టిక్కెట్టు, మాచర్ల టిక్కెట్టు, ప్రెసిడెంట్ గారు, అందరూ! గోడ చీలితే అందులో దూరిపోదును.

లైబ్రరీకి ఎట్టా వచ్చానో నాకే తెలియదు. రిజిస్టర్ మీది టీ గ్లాసు తీశా. అడుగున గుండ్రంగా మరక. ఆ మరక మధ్యలో, ఎర్ర ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, శుక్రవారం తేదీ, నా అరచేతిలో ఉన్న అదే సంవత్సరం, అదే పుస్తకం, పక్కన మస్తాన్ సంతకం. రాసింది ఎవరంటారా? ఇంకెవరు, నేనే! నాలుగు నెలల్లో మొదటి సంతకం దొరికిందన్న ఆనందంలో ఏ పుస్తకానికి పెట్టాడో బుర్రకెక్కలేదు. గుంటూరుకి ఫోను చేశాను, ఊళ్ళో ప్లీడర్లందర్నీ దొంగల్ని చేశాను, ఆ రిజిస్టర్ మీద గుద్ది గుద్ది చెప్పాను, కాని గ్లాసు తీసి దాంట్లోకి చూద్దామని మాత్రం తోచలా!

ఎలమందయ్య లారీ ఖాళీగా తిరిగిపోయింది. సాయంత్రం మస్తాన్ పుస్తకం తెచ్చి, "పుల్ల ఉంది, చూసుకోండి మేడం" అన్నాడు. రిమార్కుల గడిలో 'పుల్లతో సహా వాపసు' అని రాసుకున్నా. మర్నాడు కోటమ్మత్త కొత్త కొబ్బరి చీపురు ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "అయ్యగారికి పుల్లలు కావాలంటగా" అంది. సర్టిఫికెట్ కోర్సు చదివిన నేను ఇప్పుడు ఖాళీ దొరికితే కూర్చుని చీపురుపుల్లలు విరుస్తన్నా. సుప్రీం కోర్టుకి జానెడు, హైకోర్టుకి బెత్తెడు.

ఇంకో సంగతి. రిజిస్టర్లో ఇప్పుడు అందరూ సంతకాలు పెడుతున్నారు. అడక్కుండానే పెడుతున్నారు. పెట్టి, రిజిస్టర్ నా వైపు తిప్పి, పైన గ్లాసు ఉంటే అది కూడా వాళ్ళే తీసి పక్కన పెట్టి, నిలబడుతున్నారు.

"మా పని అయిందమ్మాయ్. ఇంక చదవడం నీ వంతు. పైకి చదువు, వింటాం" అంటున్నారు.

చదువుతున్నా.